జడకుచ్చు మింగిన కొర్రమట్ట

మొన్న నిజామాబాదులో ఒక రబ్బరు కప్ప నన్ను చూసి నవ్వింది.

బోరు మోటరుకు తాడు కొందామని బస్టాండు వెనక సందులో ఒక దుకాణానికి వెళ్ళాను. తాళ్ళు, వలలు, గొలుసులు, ఎద్దుల మెడ గజ్జెలు అన్నీ అమ్మే దుకాణం. గల్లా పక్కన అద్దాల డబ్బాలో ఆకుపచ్చ రబ్బరు కప్ప ఒకటి దొరలా కూర్చుని ఉంది. వెనక కాళ్ళు ఉండాల్సిన చోట ఎర్రటి కుచ్చు వేలాడుతోంది. కుచ్చు చాటున రెండు ముళ్ళ గాలం.

"గిదేంది?" అన్నాను.

"కొర్రమట్టలకు సారూ. నీళ్ళల్ల ఏసి జర జర గుంజుతుండాలె. గా ఎర్ర కుచ్చు ఊగుతుంటె కొర్రమట్టకు పిచ్చి లేస్తది. ఎరా వద్దు, గిరా వద్దు. ఎవడు కనిపెట్టిండో గని దిమాక్ ఉన్నోడు సారూ," అన్నాడు దుకాణం కుర్రాడు.

కొర్రమట్ట అంటే కొరమీనే. ఈ ఉపాయం ఎవడు కనిపెట్టాడో ఆ కుర్రాడికి తెలియదు. కప్పను తయారు చేసిన కంపెనీకీ తెలియదు. నాకు తెలుసు. బోధన్‌కూ రుద్రూర్‌కూ నడుమ, కాలువ తూము కింద, మోకాళ్ళు దాటిన నిక్కరు వేసుకున్న ఒక క్యాంపు పిల్లాడు కనిపెట్టాడు. వాడు కనిపెట్టేలా చేసింది నేను. ఈ రెండో మాట దగ్గరే ఇన్నేళ్ళుగా నా కడుపు మండుతోంది. తాడు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

అప్పట్లో మా ఊరి గాలికి రుచి ఉండేది. ఇది కోతలు కొయ్యడం కాదు. కోతలు ముందున్నాయి. చెరుకు ఆడే రోజుల్లో షుగర్ ఫ్యాక్టరీ దిక్కు నుంచి గాలి వీచిందంటే ఉడికిన చెరుకు రసం వాసన, మడ్డి వాసన జంటగా వచ్చి నాలుక మీద కూర్చునేవి. మా అవ్వ (అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం) ఆ గాలి వచ్చిన రోజు చాయలో చక్కెర సగమే వేసేది. పసుపు కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో ఊరంతా పసుపు ఆవిరి కమ్మి, కుక్కలు కూడా కొత్త పెళ్ళికొడుకుల్లా తిరిగేవి. ఫ్యాక్టరీ సైరన్ ఒకసారి మోగితే అవ్వ ఎసరు పెట్టేది, రెండోసారి మోగితే మేం పళ్ళేల ముందు కూర్చునేవాళ్ళం. ఇప్పుడా సైరన్ లేదు. ఎప్పుడు తినాలో చెప్పే దిక్కు లేక రోజంతా తింటున్నాం, అందుకే ఊరంతా ఇలా లావెక్కింది.

ఎండలు ముదిరే వేళకు కాలువ బంద్ అయ్యేది. పారే నీళ్ళు పోయి తూముల కింద మడుగులు మిగిలేవి. నాచు పట్టి, చుట్టూ తుంగ పెరిగి, బురద వాసన వేసే ఆ మడుగులే మా తాత రాజ్యం.

గాలం వేయడంలో మా తాతను మించినవాడు వర్ని నుంచి పోచంపాడ్ దాకా లేడు. చుట్ట కాలుస్తూ గట్టు మీద నడిచి, ఒకచోట ఆగి ముక్కు ఎగబీల్చి, "గీడున్నది" అంటే చేప అక్కడ ఉండి తీరేది. లేకపోతే తాత మాట పోతుందని పక్క మడుగులోంచి వచ్చేదని నా నమ్మకం. నీళ్ళ మీద తేలే బెండును చూసి అడుగున ఉన్న చేప కులగోత్రాలు చెప్పేవాడు.

"బెండు చిటికెచిటికె ఊగితె పరక. పక్కకు నడిస్తె జెల్ల. పండుకుంటె రవ్వ. బెండే కనబడకుంటె కొర్రమట్ట. గప్పుడు దేవుని తల్సుకోని గుంజాలె."

ఏ చేపకు ఏ ఎరో కూడా ఆయనే నేర్పాడు. పరకకు జొన్నపిండి ముద్ద. రవ్వకు గోధుమపిండిలో బెల్లం. జెల్లకూ కొర్రమట్టకూ మాత్రం ఎర్ర. మా దిక్కు వానపామును ఎర్ర అంటాం. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, నా బతుకు చెడింది ఈ మాట దగ్గరే.

తాత గాలాలు ఒక జర్దా డబ్బాలో ఆముదం పూసిన గుడ్డలో నిద్రపోయేవి. వాటిలో పెద్దది బొంబాయి గాలం. వయసులో ఉన్నప్పుడు తాత బొంబాయిలో కూలికి పోయి, తిరిగొస్తూ తనకోసం తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు. నా చూపుడువేలంత ఉండేది. వెన్నెలను చుట్టి, కొసన ముల్లు చెక్కినట్టు మెరిసేది. ఆ గాలం కోసం నేను మూడు ఎండాకాలాలు తపస్సు చేశాను.

"కొర్రమట్టను సొంతంగ పట్టినోనికే గిది. మనుమడైనా సరే, పరాయోడైనా సరే," అనేవాడు తాత.

మూడు ఎండాకాలాల్లో నేను పట్టిన కొర్రమట్టలు సున్న. బెండు ఊగీ ఊగకముందే గుంజేవాణ్ణి. ఒక్కోసారి బెండు ఊగకపోయినా గుంజేవాణ్ణి. "నువ్వు చేపలను పడ్తలెవ్వు రా, నిద్రల నుంచి లేపుతున్నవ్," అనేవాడు తాత. ఎప్పుడైనా నా గాలానికి చిన్న జెల్ల చిక్కినా, గాలం దాని కడుపులోకి దిగిపోయి ఉండేది. తాతకు అది నచ్చేది కాదు. "గాలం పెదివికి తగలాలె. కడుపుల దిగితె గది పట్టుడు గాదు, సంపుడు," అని నా గాలం తీసి జేబులో వేసుకునేవాడు.

ఆ నాలుగో ఎండాకాలంలో వాడొచ్చాడు.

కాలువ అవతల, గోదావరి కింది జిల్లాల నుంచి వచ్చి వరి, చెరుకు పండించుకునేవాళ్ళ ఇళ్ళుండేవి. ఆ ఇళ్ళ వరసను క్యాంపు అనేవాళ్ళం. అక్కడికి కొత్తగా వచ్చిన కుటుంబంలో వాడు నా ఈడువాడు. మొదటిరోజే మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చి, గడపలో నిలబడి, "తాతగారండీ, అమ్మ కాస్త మజ్జిగ అడిగి రమ్మందండీ," అన్నాడు.

గారు అనే మాటను మేం అంతవరకు పెళ్ళి పత్రికల మీదే చూశాం. అది నోటితో కూడా అనవచ్చని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తాత మీసం రెండు వేళ్ళు పైకి లేచింది. మజ్జిగ అడిగితే అవ్వ పెరుగు పోసింది.

"ఎంత ముద్దుగ మాట్లాడుతడు! నువ్వూ ఉన్నవు, నోరు తెరిస్తె బర్రె తాడు తెంపుకున్నట్టే," అంది నన్ను చూసి.

ఆ రోజు నుంచి వాడు మా ఇంట్లోనే. జొన్నరొట్టెను ముక్కలు చేసి పప్పులో అన్నంలా కలుపుకునేవాడు. నేను అలా తింటే వీపు మీద పడేది, వాడు తింటే అవ్వకు ముచ్చట. చేపల పులుసు పెట్టిన నాడు నడిమి ముక్క నాది. పుట్టినప్పటి నుంచి నాది. ఆ ముక్క ఒకనాడు గరిటెలో నా కళ్ళ ముందు నుంచే ప్రయాణం చేసి వాడి పళ్ళెంలో దిగింది. నాకు తోక వచ్చింది. ఓర్వలేనితనానికి బరువుండదు కాబట్టి బతికిపోయాం, ఉంటే ఆ పూట మా ఇంటి అరుగు కుంగిపోయేది.

అదీ చాలక ఒకరోజు తాత అన్నాడు: "అరే, ఆనికి సుత గాలమేసుడు నేర్పు. మస్తు శౌక్ ఉన్నది పోరనికి."

తాతే వాడికి ఒక చిన్న గాలం, కట్టె ఇచ్చాడు. నేను వాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి దారం ముడి వేయడం నేర్పాను. వచ్చినదానికంటే కొంచెం తక్కువే నేర్పాను. అప్పుడు వాడు అడిగాడు.

"మరి దీనికి ఏం పెట్టాలిరా?"

"ఎర్ర."

"ఎర్రదా?"

"ఆ, ఎర్ర."

"అదే, ఎర్రది ఏం పెట్టాలి?"

నాకు లోపల దీపం వెలిగింది. వాళ్ళ దిక్కు దాన్ని వానపాము అంటారు. వీడికి ఎర్ర అంటే రంగు. ఒక్క ముక్క చెబితే సరిపోయేది, కాలి కింద తడి మట్టి కెలికి చూపించినా సరిపోయేది. కాని గరిటెలో పోయిన నడిమి ముక్క గొంతులో అడ్డం పడింది.

"ఏదైతేంది? ఎంత ఎర్రగుంటె గంత మంచిది," అన్నాను.

"చేపలకి ఎరుపంటే అంత ఇష్టమా?"

"పానం ఇడుస్తయి."

మర్నాడు బడి వదిలాక మా తరగతి మొత్తాన్ని గట్టు మీదికి తోలుకొచ్చాను. క్యాంపోడు చేపలకు పేరంటం పెడుతున్నాడు రండి అని బడిలోనే చాటింపు వేశాను. వాడు వచ్చాడు. జేబులోంచి వాళ్ళక్క జడకుచ్చు తీశాడు. ఎర్ర ఊలుతో చేసిన గుప్పెడు కుచ్చు. దాన్ని గాలానికి ఎంత పొందికగా కట్టాడంటే, ముల్లు ఎక్కడుందో కట్టినవాడికి తప్ప ఎవరికీ కనిపించదు. బెండు కట్టలేదు. అది నేను చెప్పలేదు గదా!

నీళ్ళలో వేశాడు. కుచ్చు మునగలేదు, నాచు మీద పువ్వులా తేలింది. తప్పు తనదే అనుకుని గుంజుకున్నాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ తేలింది. మళ్ళీ జర జర గుంజాడు.

"అరే క్యాంపోడా, చేపకు జడేస్తున్నవా?" అని ఒకడు.

"జడేసినంక పూలు సుత పెట్టు రా!" అని ఇంకొకడు.

నేను నవ్వి నవ్వి తుంగలో పడ్డాను. వాడు సిగ్గుపడి ఏడుస్తాడనుకున్నాను. వాడూ మాతోపాటు నవ్వాడు. ఏడవకుండా నవ్వడం కూడా నాకు నచ్చలేదు.

అయిదోసారో ఆరోసారో కుచ్చు నాచు మీద ఎగురుకుంటూ వస్తుంటే మడుగు పేలింది.

నీళ్ళు తూము గోడంత లేచాయి. మధ్యలో నల్లటి వీపు, తెరిచిన నోరు. కుచ్చు మాయం. వాడికి ఏం చెయ్యాలో తెలియదు. కట్టె భుజాన వేసుకుని వెనక్కి తిరిగి చెరుకు తోట దిక్కు పరిగెత్తాడు. వాడి వెనక కొర్రమట్ట బురద ఎక్కి, గట్టు ఎక్కి, గట్టు దిగి, చెరుకు మొక్కలు పడగొట్టుకుంటూ పోయింది. దాన్ని ఆపడానికి తరగతి తరగతంతా మీద పడాల్సి వచ్చింది. నేను కూడా పడ్డాను. అలవాటు కొద్దీ పడ్డాను, సాయం చేద్దామని కాదు.

దాని కొలత సంగతి. ఆనాడు అది నా మోచేయంత. బడి మానేసే నాటికి నా కాలంత అయింది. పోయినేడు మా మేనల్లుడికి చెప్పినప్పుడు దూడంత ఉండింది. చిన్నది చేసి చెప్పుకుంటే కడుపు చల్లబడుతుందని ఒకసారి ప్రయత్నించాను. కాని చిన్న చేప చేతిలో ఓడిపోయానని చెప్పుకోవడం ఇంకా అవమానం. అందుకని పెంచుతున్నాను.

అరుపులు విని తాత వచ్చాడు. చేప నోరు తెరిచి చూశాడు. గాలం పెదవి మూలన, అంగుళం ఇటు కాకుండా అటు కాకుండా తగిలి ఉంది.

"శభాష్! సూడుండ్రి, పెదివికి తగిలింది," అన్నాడు. "ఏం వెట్టినవ్ బిడ్డా?"

"ఎర్రది పెట్టానండీ తాతగారూ. మీ మనవడే చెప్పాడండీ, ఎంత ఎర్రగా ఉంటే అంత మంచిదని."

తాత తడిసిన జడకుచ్చును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను చెరుకు ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆయన ఇంటికి పోయి జర్దా డబ్బా తెచ్చి, గుడ్డ విప్పి, బొంబాయి గాలాన్ని వాడి అరచేతిలో పెట్టాడు.

నాకు ఆకుల లెక్క తప్పింది.

వాడేమో గాలం తీసుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. "ఇది మనిద్దరిదిరా. నువ్వు చెప్పకపోతే నేనేం పెట్టేవాణ్ణి? వారం నీ దగ్గర, వారం నా దగ్గర. సరేనా?"

వాడు వెక్కిరిస్తే బాగుండేది. కొట్టినా బాగుండేది. "నాకద్దు," అన్నాను. మూడేళ్ళ తపస్సును ఒక్క మాటతో కాలువలో కలిపాను.

తర్వాత నెలరోజులు నేను లోకంలో ఉన్న ఎరుపంతా నీళ్ళలో ముంచాను. మా అక్క రిబ్బను కత్తిరించి దెబ్బలు తిన్నాను. ఎండు మిరపకాయ కట్టాను. పగిలిన గాజు ముక్క, పండగ రంగు పూసిన గుడ్డ, సారు ఎర్ర సిరాలో తడిపిన దూది, అన్నీ అయ్యాయి. తాత నేర్పినట్టే రాయిలా కదలకుండా కూర్చునేవాణ్ణి. ఒక్క చేప రాలేదు. చేపకు పిచ్చి లేపేది రంగొక్కటే కాదు, ఆ జర జర గుంజుడు అని నాకు తట్టలేదు. కదిలేదాన్నే అది కప్ప పిల్ల అనుకుంటుంది. కదలని ఎండు మిరపకాయను చూసి ఏమనుకుందో దానికే తెలియాలి.

తాతకు మాత్రం వెంటనే తట్టింది. అరవై ఏళ్ళు కదలకుండా కూర్చున్న మనిషి వాడి పక్కన చేరి, "జర సూపెట్టు ఉస్తాద్, ఎట్ల గుంజినవ్?" అని అడగడం నా చెవులతో విన్నాను. వాడు ఉస్తాదు, నేను "అరే". ఇద్దరూ కలిసి జడకుచ్చుల కోసం బోధన్ అంగడికి పోయారు. పెద్దమనిషి జడకుచ్చులు బేరమాడుతుంటే ఆడవాళ్ళు నవ్వారట. నన్ను రమ్మన్నారు. కడుపు నొప్పి అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఇంకో ఘోరం. తాత ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు: "గీ ఉపాయం మా మనుమడు జెప్పింది. పోరడు గట్టోడు." అలా అన్నప్పుడల్లా నా దిక్కు ఒక చూపు. మంగలి దగ్గర చెప్పాడు. కల్లు దుకాణంలో చెప్పాడు. బడికొచ్చి సారుకే చెప్పాడు. సారు తరగతితోపాటు నా చేత కూడా నాకే చప్పట్లు కొట్టించాడు.

ఒకనాడు ఆగలేకపోయాను. తాత అరుగు మీద చుట్ట చుట్టుకుంటుంటే ఏడుస్తూ పోయాను.

"తాతా, నేను ఉపాయం జెప్పలే. ఎర్ర అంటె వానపాము అని జెప్పకుండ ఊకున్న. ఆడు నవ్వులపాలు కావాలని."

"ఎర్కనే," అన్నాడు తాత.

"ఎప్పటి సంది?"

"జడకుచ్చు సూసిన్నాడే."

"మరి అందరికి నా పేరెందుకు జెప్తున్నవ్?"

తాత చుట్ట ముట్టించుకుని పొగ నా పక్కకు కాకుండా అటు వదిలాడు. "నీకు సుత గాలం తగలాలె గదరా. పెదివికే తగిలిచ్చిన, కడుపుల దించలే. ఇగ పోయి ఆనికి నువ్వే జెప్పు. ఊడబీకుకునుడు నీ చేతిలున్నది."

అప్పుడే లేచి క్యాంపుకు పోయాను. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను. వాళ్ళ వాకిట్లో అడుగు పెట్టగానే వాడు అరిచాడు. "అమ్మా, వీడేనే! నాకు గాలం నేర్పింది వీడే!" వాళ్ళమ్మ నా తల నిమిరి, "రా నాన్నా, నీ గురించే రోజూ చెబుతాడు," అని పీట వేసింది. చింతపులుసులో మామిడి ముక్కలు వేసిన చేపల కూర. నడిమి ముక్క తీసి నా పళ్ళెంలో వేసింది. నోటినిండా ముక్క ఉన్నప్పుడు నిజం ఎలా చెబుతారు? తిని చెబుదామనుకున్నాను. తిన్నాక ఇంకో ముక్క వేసింది.

బొంబాయి గాలం ఎక్కువ కాలం వాడి దగ్గర నిలవలేదు. తాత మా ఇద్దరినీ పోచంపాడ్ తీసుకుపోయిన రోజు, డ్యామ్ కింద ఒక బొచ్చె చేప దారం తెంపుకుని గాలంతో సహా గోదావరిలోకి వెళ్ళిపోయింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అంతలో వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. తాత వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, "పోతె పోనీ బిడ్డా," అని వీపు నిమిరాడు. ఆ ఏడుపు చూసి కూడా నాకు కుళ్ళే. గాలం నాకు దక్కకుండా పోయిన రోజు నేనూ ఏడ్చాను, నా వీపు ఎవరూ నిమరలేదు.

తాత పోయి చాలా కాలమైంది. మడుగుల మీద ఇప్పుడు సిమెంటు గోడలు లేచాయి. జర్దా డబ్బాలో అవ్వ సూదులు దాచుకుంటోంది. వాడు మాత్రం ఎక్కడికీ పోలేదు. వర్ని దగ్గర వరి పండిస్తున్నాడు. తల నెరిసింది, మా భాషా పట్టుబడింది, గారు మాత్రం వదల్లేదు. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళందరికీ ఆ చేప కథ చెబుతాడు. వాడు చెప్పే చేప మోచేయి దాటదు. ఇన్నేళ్ళు నేను కష్టపడి పెంచినదాన్ని ఒక్క మాటలో కుదించేస్తాడు.

పోయిన నెల వాళ్ళింట్లో దావత్. విస్తళ్ళ ముందు మళ్ళీ అదే కథ. అయిపోయాక వాడి కొడుకు నా వైపు తిరిగి, "అది సరే పెదనాన్నా, చేపలకి ఎరుపు పనికొస్తుందని అప్పట్లో మీకెలా తెలిసింది?" అన్నాడు.

ఎవరూ అడగని ప్రశ్న. వరసంతా తినడం ఆపింది. వాడు కూడా ఆపాడు. ఎన్నేళ్ళుగానో తెలుసుకోవాలనుకున్నట్టు, నోరు కొంచెం తెరిచి, నన్నే చూస్తున్నాడు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? వాడు పగలబడి నవ్వుతాడు. నా భుజం తట్టి, ఓస్ ఇంతేనా అంటాడు. అక్కడికక్కడే క్షమించేస్తాడు, వాడి గుణమే అది. అంటే ఆ చేప మొత్తం వాడిదైపోతుంది. ఇప్పుడు సగం నాది. పైగా క్షమించిన గొప్పతనం కూడా వాడిదే. రెండూ ఒక్కడికే ఇచ్చేంత పెద్ద మనసు నాకు ఆనాడు లేదు, ఈనాడూ లేదు.

"మా ఇంట్ల అందరికి ఎర్కనే," అన్నాను. చెయ్యి కడుక్కోవడానికి లేచాను.